కోత పండుగ విందు తలపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బంధువులకూ చర్చి సంఘానికీ కలిపి కోత పండుగ (పంట చేతికొచ్చినందుకు దేవునికి కృతజ్ఞతగా క్రైస్తవులు జరుపుకునే పండుగ) పేరిట విందు చేయదలచినవారు ముందుగా పాస్టరుగారితో మాట్లాడి, ఆ తేదీ శ్రమల దినాల్లో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) గానీ ఉపవాస కూడికల రోజుల్లో గానీ పడకుండా చూసుకోవాలి.

అలంకరణకు ప్లాస్టిక్ తోరణాల కంటే వరికంకులు, జొన్నకంకులు, ఆకులతో సహా కోసిన బత్తాయిలు ఎంతో మేలు. అయితే ఎండిన కంకులు ఇట్టే అంటుకుంటాయి కనుక వాటి దగ్గర కొవ్వొత్తులు వెలిగించకూడదు, సీరియల్ బల్బుల తీగలు వాటికి తగలకూడదు. కానుకగా వచ్చిన పంటను వేలం వేసే ఆనవాయితీ ఉన్నచోట దానిని అలంకరణలో కలపకుండా విడిగా ఉంచాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ నీళ్లపై పెట్టాలి. నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, మరిగించినా అది పోదు. అందువల్ల తాగడానికే కాక వంటకు కూడా మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీటినో, శుద్ధిచేసిన నీటినో ముందురోజే సమకూర్చుకోవాలి. బగారన్నం, మాంసం కూర వడ్డించేదాకా పొగలు వచ్చేంత వేడిగా ఉండాలి. వేడి తగ్గడం మొదలైనప్పటి నుంచి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

మైకుకు పోలీసుల అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 గంటలకు ఆపేయాలి.

అందరూ ఒకే రంగు బట్టలతో రావాలని నియమం పెట్టవద్దు. కొత్త చీర కొనలేక ఒక్క కూలి కుటుంబం ఇంట్లోనే ఉండిపోయినా ఆ విందుకు అర్థం ఉండదు, కాబట్టి ఉన్న బట్టలతోనే రమ్మని ఆహ్వానంలోనే స్పష్టంగా చెప్పాలి.