పై అధికారి తోటివారి గుట్టు మన ముందు విప్పుతుంటే ఏం చేయాలి?

అనంతపురంలో ఫైనాన్స్ బ్రాంచీలు, ప్రైవేటు కళాశాలలు, విత్తనాల కంపెనీల ఆఫీసులు చాలా మటుకు పది, ఇరవై మందితో నడిచేవే. అక్కడ పనిచేసేవారు ఏదో ఒక వరుసతో ఒకరికొకరు తెలిసినవారై ఉంటారు కనుక, సుభాష్ రోడ్డులోని ఆఫీసులో పదకొండు గంటల టీ వేళ మేనేజరు అన్న మాట సాయంత్రానికి ఆ ఉద్యోగి అత్తవారింటికి చేరినా ఆశ్చర్యపడనక్కరలేదు. అందుకే ఇక్కడ ఈ సమస్యను పెద్ద నగరాల ఆఫీసుల్లో లాగా విని వదిలేయడం కుదరదు. అయితే అలా మాట్లాడే అధికారులందరి ఉద్దేశం ఒకటి కాదు. ఒకరి విషయంలో పనిచేసిన ఉపాయం మరొకరి దగ్గర బెడిసికొడుతుంది.

కాబట్టి ఏమీ చేయకముందు కొన్నాళ్లు గమనించండి. ఆయన మాట తీర్పుతో ముగుస్తోందా, ప్రశ్నతో ముగుస్తోందా? మీ ఒక్కరితోనే అంటున్నారా, వచ్చినవారందరితోనూ అంటున్నారా? ఆ మాట తర్వాత ఎవరి సెలవైనా ఆగిందా, ఎవరి పనైనా మారిందా? కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

లక్షణం: అందరి గురించీ, అందరితోనూ మాట్లాడతారు, ఆ మాటల వల్ల ఎవరికీ ఏమీ జరగదు.

ఇది నోట్లో నువ్వుగింజ నానని స్వభావం. కుటుంబాన్ని హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంచి ఒంటరిగా వచ్చినవారిలోనూ, నిన్నటిదాకా మనతోపాటే పనిచేసి పైకెళ్లి, ఇప్పుడు సమానంగా మాట్లాడే మనిషి లేకుండా పోయినవారిలోనూ ఇది ఎక్కువ. దీనికి ఫిర్యాదులూ నిలదీయడాలూ అవసరం లేదు. చేతిలో ఒక కాగితం పట్టుకుని వెళ్లి, కూర్చోకుండా నిలబడే మాట్లాడి, సంతకం కాగానే సెలవు తీసుకోండి. ఆయనకు కావలసింది కాసేపు మాట్లాడే తోడు మాత్రమే కనుక, వానల గురించో క్రికెట్ గురించో మీరే ముందుగా ఎత్తుకుంటే తరచూ అటే మళ్లుతారు.

లక్షణం: అటెండరును బయటికి పంపి, తలుపు దగ్గరికి వేయించి, గొంతు తగ్గించి అడుగుతారు.

«ఏమప్పా, ఆ యమ్మ రోజూ లేటుగా వస్తాండాదే, ఇంట్లో ఏమన్నా గొడవంటనా?»

ఇది ప్రశ్నతో ముగిసింది కనుక కారణం కూపీ లాగడం. ఆయనకు సగం తెలుసు, మిగతా సగం మీ నోటి నుంచి కావాలి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది «ఊ» దగ్గర. పెద్దవారు మాట్లాడుతుంటే మౌనంగా ఉండడం అమర్యాద అనుకుని ఊ కొడతాము. మరునాడు ఆయన ఆమెను పిలిచి «నేనొక్కణ్నే కాదమ్మా, ఆఫీసులో అందరూ అంటున్నారు» అన్నప్పుడు, ఆ «అందరూ»లో మీ ఊ కూడా లెక్కకు వస్తుంది. అలాగని సహోద్యోగిని వెనకేసుకొచ్చి వాదించడమూ నేను సలహా ఇవ్వను. ఎంత గట్టిగా సమర్థిస్తే అంతగా, వీళ్లిద్దరి మధ్య ఏముందోనన్న కొత్త అనుమానానికి మీరే తావిచ్చినవారవుతారు.

పనికొచ్చే జవాబుకు రెండు గుణాలుండాలి: అది నిజమై ఉండాలి, ఆమె ముందు యథాతథంగా తిరిగి చెప్పినా మీరు తలదించుకోవలసిన అవసరం రాకూడదు. «నాకు తెలీదు సార్. రేపటి ఆడిట్ కాగితాలు ఆ మేడం దగ్గరే ఉండాయి, పిల్చమంటారా?» అంటే చాలు. ఇందులో ఎదురు చెప్పినట్టూ లేదు, సంభాషణ పనిలోకి మళ్లింది, పైగా ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషే గదిలోకి వచ్చే అవకాశం ఏర్పడింది. ఇలాంటి జవాబు ప్రతిసారీ ఒకే స్వరంతో వస్తుంటే, మీ దగ్గర ఏమీ దొరకదని ఆయనే గ్రహిస్తారు. ఆ తర్వాత మీతో చనువు కొంత తగ్గవచ్చు. ఆ నష్టాన్ని భరించవలసిందే.

లక్షణం: ఇద్దరు ఉద్యోగులకు ఒకరి మాటలు మరొకరికి వేర్వేరుగా చెబుతారు.

పుల్లలు పెట్టడమని మనం తేలిగ్గా అంటాము గానీ, దీని వెనుక రెండు కారణాలుంటాయి. ఉద్యోగులు ఏకమైతే తన మాట చెల్లదన్న భయం ఒకటి. లోపాన్ని ముఖం మీద చెప్పే ధైర్యం లేక, ఇంకొకరి ద్వారా చేరవేయించడం రెండోది. రెండింటికీ మందు ఒకటే: మోయకండి. «మీరు నా గురించి ఇలా అన్నారట» అని వాట్సాప్‌లో అడగకుండా, ఆ సహోద్యోగితో ఎదురుగా కూర్చుని ఒక్కసారి తేల్చుకోండి. పని ఎవరిదన్న చోటే తగాదా పుడుతుంటే, మీటింగులో అందరి ముందు ఆ అధికారినే అడిగి, జవాబును అదే రోజు ఈమెయిల్‌లో రాసి ఆయనకు పంపండి.

లక్షణం: మీ గురించే మాట్లాడుతున్నారు.

మీరు రాగానే మాటలు ఆగిపోవడం దీనికి గుర్తు. పని తీరికగా ఉన్న వేళ చూసి ఒంటరిగా వెళ్లి, «నా పనిలో లోపముంటే నాకే చెప్పండి సార్, దిద్దుకుంటాను» అనండి. ఆ సంగతి మీకు ఎవరైనా చెప్పి ఉంటే, వారి పేరు మాత్రం ఎంత అడిగినా బయటపెట్టకండి. ఇకపై సెలవు చీటీలో కారణం దగ్గర «వ్యక్తిగత పని» అని రాస్తే సరిపోయే చోట అంతకు మించి రాయవద్దు.

లక్షణం: జబ్బు, కులం, స్త్రీల శీలం మాటల్లోకి వస్తున్నాయి.

ఇక్కడ కారణం వెతకడం వృథా. మహిళా ఉద్యోగి గురించి లైంగిక అర్థంతో మాట్లాడడం 2013 నాటి పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం పరిధిలోకి రాగలదు. 10 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు స్వయంగా యజమాని మీదే అయినా, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. బాధితురాలు 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం చూపితే కమిటీ మరో 3 నెలలు పొడిగించగలదు. ఫిర్యాదులోని సంగతులను, పేర్లను బహిరంగపరచడాన్ని ఆ చట్టమే నిషేధిస్తుంది గనుక, ఊరంతా తెలిసిపోతుందన్న భయంతో వెనకాడనక్కరలేదు. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం చెల్లదు. మామూలు చాడీల మీద పరువునష్టం దావా వేస్తామని ఆవేశపడేవారు మాత్రం కోర్టు చుట్టూ తిరగడానికి పట్టే కాలాన్ని ముందు లెక్క వేసుకోవాలి.

ఇవేవీ పనిచేయక ప్రాంతీయ కార్యాలయానికి రాయవలసి వస్తే, ఆయన గుణగణాలను వర్ణించకుండా, ఏ తేదీన ఎవరి ముందు ఏ మాట అన్నారు, దానివల్ల ఏ పని ఆగింది అన్నంతవరకే రాయండి. మీరు స్వయంగా విన్నదీ, ఇతరులు చెప్పగా విన్నదీ వేర్వేరుగా చూపండి. ఉత్తరాన్ని చేతికిస్తే రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని, ఆ ప్రతిని ఆఫీసు డ్రాయరులో పెట్టకుండా ఇంట్లో దాచుకోండి.