జంట సిలిండర్లతో కాళ్లు కిందికి దిగిపోతుంటే

డైవింగ్‌లో జంట సిలిండర్లు వేసుకుని కదలకుండా ఆగగానే కాళ్లు మెల్లగా కిందికి దిగుతుంటే, బరువు కోసం ఇంకో సీసం ముక్క కొనే ముందు ఇది చూడండి.

4, 5 మీటర్ల లోతులో బోర్లా అడ్డంగా ఉండి, మోకాళ్లు 90 డిగ్రీలు మడిచి, చేతులు ముందుకు చాచి, ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు) ఆడించకుండా 30 సెకన్లు ఉండండి. ఫిన్స్ ఆడుతున్నా మనకు తెలియదు, తోటి డైవర్‌ని గమనించమనండి.

కాళ్లు దిగుతుంటే బరువు తలవైపు జరగాలి. ఒడ్డుకొచ్చాక సిలిండర్లను పట్టి ఉంచే రెండు స్టీలు పట్టీలూ వదులు చేసి, సిలిండర్లను 2 సెంటీమీటర్లు పైకి జరిపి మళ్లీ బిగించండి. పట్టీల బోల్టుల మధ్య దూరం మాత్రం మారకూడదు. అది సుమారు 28 సెంటీమీటర్లు, తేడా వస్తే బ్యాక్‌ప్లేట్ (సిలిండర్లను బిగించే వీపు పలక) రంధ్రాల్లో కూర్చోవు. అంత ఓపిక లేకపోతే కింది బోల్టు దగ్గర కట్టిన 1 కిలో సీసాన్ని పై బోల్టుకు మార్చండి, చాలాసార్లు అదే సరిపోతుంది. తల దిగుతుంటే ఇదంతా తిరగేసి చేయాలి.

జరిపిన ప్రతిసారీ తల ఎత్తి ముందుకు చూడండి. మానిఫోల్డ్ (రెండు సిలిండర్లను పైన కలిపే గొట్టం) తలకు తగిలితే ఎక్కువ జరిపినట్టే. వాల్వులు చేతికి అందుతున్నాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. అల్యూమినియం సిలిండర్లయితే లోపలి గాలి ఒత్తిడి 50 బార్‌కి దిగాక మళ్లీ ఓసారి చూడాలి, ఖాళీ అయ్యేకొద్దీ వాటి అడుగు పైకి తేలుతుంది.

డ్రైసూట్‌లో (నీళ్లు లోపలికి రాని డైవింగ్ దుస్తుల్లో) గాలి పాదాల్లోకి చేరితే మాత్రం ఈ లెక్కేదీ పనిచేయదు. ముందు ఆ గాలి సంగతి చూసుకుని, తర్వాతే సిలిండర్లు ముట్టుకోండి.