శనివారం రేసుకి లోటస్ 49 అన్నారా? వారంలో చెయ్యి అలవాటు చేసుకోవడం ఎలా

ఇంట్లో కంప్యూటర్‌కి స్టీరింగ్, పెడల్స్ పెట్టుకుని ఆడే కార్ల రేసు గేముల ఆన్‌లైన్ లీగుల్లో అప్పుడప్పుడూ ఇలాగే చేస్తారు, వారాల తరబడి జీటీ3 అనే ఇప్పటి రేసు కార్లు తోలించి ఉన్నట్టుండి వచ్చే శనివారం అసెట్టో కోర్సా గేములో 1967 నాటి ఫార్ములా 1 కారు లోటస్ 49, ట్రాక్ ఏమో ఇంగ్లండ్‌లోని పాత సిల్వర్‌స్టోన్ అని పెట్టేస్తారు. మన బెజవాడ, గుంటూరు కుర్రాళ్ళు చాలామంది ఆ వారానికి డుమ్మా కొట్టేస్తారు, బ్రేక్ తొక్కితే చక్రాలు పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్ లేదు, చక్రాలు ఊరికే తిరిగిపోకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఎవడు తోల్తాడు బాబూ అని. నేను మాత్రం తప్పకుండా వెళ్ళండనే చెప్తా. ఎందుకంటే ఆ రేసులో అందరికీ కారు కొత్తే, మామూలు వారాల్లో మనకి అందనంత ముందుండేవాళ్ళు కూడా మొదటి ల్యాపులోనే గడ్డిలో ఉంటారు, స్పిన్ అవ్వకుండా చివరిదాకా తోలితే చాలు మంచి పొజిషన్ వచ్చేస్తది. ఈ వారమంతా మీరు నేర్చుకోవాల్సింది స్పీడు కాదు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు నెమ్మదిగా తియ్యడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు కారేంటో తెలుసుకోండి, తెలిస్తే సగం భయం పోద్ది. 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో ఈ కారు మొదటిసారి రేసులో దిగింది, దిగిన రోజే జిమ్ క్లార్క్ గెలిచాడు, అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే పోల్ పొజిషన్ ఏమో అదే టీములో గ్రాహమ్ హిల్‌ది. వెనక 3 లీటర్ల కాస్‌వర్త్ డీఎఫ్‌వీ వీ8 ఇంజిన్, 400కి పైగా గుర్రాల బలం, కారు బరువేమో సుమారు 500 కిలోలు. వింగులు, అంటే రెక్కలు, ఫార్ములా 1లోకి 1968లో వచ్చాయి కాబట్టి 1967 మోడల్‌కి ముందూ లేదు వెనకా లేదు, అంటే స్పీడు పెరిగేకొద్దీ కారుని నేలకి అదిమే గాలి ఉండదు, జీటీ3లో ఫాస్ట్ టర్నింగ్‌లో వచ్చే ఆ ధైర్యం ఇక్కడ రాదు. పైగా తొలినాళ్ళ డీఎఫ్‌వీ 6500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా మామూలుగా ఉండి అక్కడ ఒక్కసారిగా తన్నుద్ది. టర్నింగ్ మధ్యలో ఆ తన్ను తగిలితే వెనక చక్రాలు తిరిగిపోతాయి, అందుకే టర్నింగ్‌లో ఏ గేర్లో ఉన్నాం, ఆర్‌పీఎం సూది ఎక్కడుంది అనేది ఈ కారులో చాలా ముఖ్యం. డౌటుంటే ఒక గేరు పైనే ఉండండి.

టైర్ల సంగతి మాత్రం మనకి అనుకూలం. ఆ కాలం టైర్లు ఇప్పటి గాడుల్లేని నున్నటి స్లిక్కుల్లా ఉన్నట్టుండి వదిలెయ్యవు, కొంచెం కొంచెంగా జారతా చెప్తాయి. ఈ కారు కాస్త పక్కకి జారతానే బాగా పోద్ది, ఆ జారుడికి కంగారుపడి కాలు తీస్తేనే అసలు కష్టం. సైకిల్ క్యారేజీ మీద బియ్యం బస్తా వేసుకుని మలుపు తిరిగితే వెనక బరువు ఎలా ఈడ్చుద్దో ఇక్కడా అంతే, టర్నింగ్‌లో టక్కున కాలు తీస్తే బరువంతా ముందుకొచ్చి వెనక తేలికైపోయి గిర్రున తిరిగిపోద్ది. జారినప్పుడు కాలు సగంలో అలాగే ఉంచి, స్టీరింగ్ ఎదురు తిప్పి, ఒక్క క్షణం ఆగండి, తనే సర్దుకుంటది.

ఇంట్లో సెటప్ గురించి రెండు ముక్కలు. ఏబీఎస్ లేదు కాబట్టి బ్రేక్ ఎంత తొక్కామో కాలికి ఖచ్చితంగా తెలియాలి, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుంటే తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోద్ది, ఇక కాలికేం తెలుస్తది? కుర్చీని గోడకి ఆనించండి, లేదా మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేసుకోండి. షిఫ్టర్, అంటే చేత్తో వేసే గేర్ రాడ్, ఉంటే ఈ కారు కోసమైనా వాడండి, ఐదు గేర్లు, క్లచ్, నిజంగా తోలినట్టుంటది. లేకపోతే స్టీరింగ్ వెనక ఉండే గేర్ ప్యాడిల్స్‌తో ఆటో క్లచ్ పెట్టుకోవచ్చు గానీ సర్వర్లో దేనికి పర్మిషన్ ఇచ్చారో ముందే చూసుకోండి, రేసు రోజు రాత్రి తెలిస్తే ఏం చెయ్యలేం. పెడల్స్ కింద ఒక చాప మడిచి వెయ్యండి, జారదు, అర్ధరాత్రి కింది వాటా వాళ్ళకి చప్పుడూ పోదు.

ఇక ప్రాక్టీస్. మొదటి రెండు రోజులు టైమ్ చూడకండి, స్క్రీన్ మీద నుంచి ఆ నంబర్ తీసెయ్యండి. రేసుకి వేసుకునేంత పెట్రోల్ వేసుకుని తోలండి, ఎందుకంటే రేసు మొదలయ్యేది అలాగే, చాలామంది ఐదు లీటర్లతో ప్రాక్టీస్ చేసి టైమ్ వచ్చిందని మురిసిపోతారు, రేసులో మొదటి టర్నింగ్‌కే కారు ఆగక ముందువాడి వెనక గుద్దేస్తారు. గేరు తగ్గించేటప్పుడు బ్రేక్ మీద పాదం ఉండగానే అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని తట్టి చిన్న రేజ్ ఇవ్వాలి, ఇవ్వకుండా క్లచ్ వదిలితే వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టేసి అక్కడే తిరిగిపోతాం. ఇది కాలికి అలవాటయ్యేదాకా కారు స్లోగానే తోలండి. స్పీడు బాగా తగ్గాకే కింది గేరు వెయ్యండి, తొందరపడి నాలుగు నుంచి రెండులోకి దూకితే ఆర్‌పీఎం మించిపోయి ఇంజిన్ పోద్ది.

ట్రాకు మొత్తంలో బెకెట్స్ అనే టర్నింగ్ దగ్గర ఎక్కువసేపు గడపండి. పాత సిల్వర్‌స్టోన్ సుమారు 4.7 కిలోమీటర్లు, దాదాపు అన్నీ స్పీడు టర్నింగులే, బాగా బ్రేక్ తొక్కాల్సింది ఇక్కడే. కష్టమేంటంటే దానికి ముందు మ్యాగట్స్ టర్నింగ్ ఎడమకి తిరుగుద్ది, అప్పుడు బరువంతా కుడి చక్రాల మీద ఉంటది, కారు ఇంకా ఎడమకి తిరగతా ఉండగానే బ్రేక్ తొక్కితే ఎడమ ముందు చక్రం పట్టేస్తది. కాక్‌పిట్ వ్యూలో ముందు చక్రాలు రెండూ మీ కళ్ళెదురే ఉంటాయి, చూస్తా ఉండండి, తిరిగే చక్రం ఠక్కున ఆగి దాని మీద నుంచి తెల్లటి పొగ లేస్తది. అలా కనబడగానే బ్రేక్ పూర్తిగా వదలకుండా కొంచెం తేలిక చేస్తే మళ్ళీ తిరగడం మొదలుపెడతది. అందుకని మ్యాగట్స్ అవ్వగానే ముందు స్టీరింగ్ తిన్నగా చెయ్యండి, కారు నిలకడ అయ్యాక ఒక్కసారి గట్టిగా బ్రేక్, తర్వాత మెల్లగా వదులుతా కుడికి తిప్పండి. తిప్పడం మొదలైన కాసేపటికే యాక్సిలరేటర్ కొద్దిగా అందుకోండి, పావు వంతు చాలు, వెనక చక్రాలు నేలని పట్టి కూర్చుంటాయి. దాని తర్వాత చాపెల్ టర్నింగ్, ఆపైన పొడుగాటి హ్యాంగర్ స్ట్రెయిట్, అంటే బెకెట్స్‌లోకి ఎంత స్పీడుగా వెళ్ళాం అన్నదానికంటే ఎంత శుభ్రంగా బయటికొచ్చాం అన్నదే ఆ స్ట్రెయిట్ మొత్తం మీద లెక్కకొస్తది. లోపలికి వెళ్ళేటప్పుడు పోయే కాస్త టైమ్ గురించి బాధపడకండి.

గేములో కారు సెటప్ పెద్దగా కెలక్కండి. బ్రేక్ బ్యాలెన్స్, అంటే ముందు వెనక చక్రాలకి బ్రేక్ పంచే సెట్టింగ్, మాత్రం ఒకటి రెండు పాయింట్లు ముందుకి జరిపితే వెనక చక్రాలు పట్టేసే గొడవ తగ్గుద్ది, కొత్తవాళ్ళకి అదే మేలు.

పెట్రోల్ లెక్క వేసుకోండి. ప్రాక్టీస్‌లో పది ల్యాపులు వరసగా తోలి ల్యాపుకి సగటున ఎంత అయిందో చూసి, రేసు ల్యాపులతో గుణించి, పైన రెండు ల్యాపులకి సరిపడా కలపండి. 1967లో ఇటలీలోని మోంజా రేసు సంగతి తెలిసే ఉంటది, క్లార్క్ ఇదే కారుతో పంక్చరై ఒక ల్యాపు వెనకబడి, అదంతా తిరిగి లాగి లీడ్‌లోకి వచ్చాడు, చివరి ల్యాపులో ఇంజిన్‌కి పెట్రోల్ అందక మూడోస్థానంలో వచ్చాడు, రేసు హోండాలో ఉన్న జాన్ సర్టీస్ గెలిచాడు. అలాంటి డ్రైవ్ చేసి కూడా అలా అయిందంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటది.

రేసు రోజు. యూరప్ లీగ్ అయితే టైమ్ సరిగ్గా చూసుకోండి, జర్మనీ, ఫ్రాన్స్ టైమ్‌లో రాత్రి 8 అంటే ఎండాకాలంలో మనకి 11:30, చలికాలంలో 12:30, అంటే తారీఖు మారిపోయి ఆదివారం అయిపోతది. వైఫై వద్దు, లాన్ కేబుల్ పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం కరెంటు, మే నెలలో రాత్రి పూట ఏసీలన్నీ తిరిగేటప్పుడు ఎప్పుడు పోద్దో చెప్పలేం, మామూలు ఇన్వర్టర్ ఉన్నా అది అందుకునే ఆ కాస్త గ్యాపులో పీసీ రీస్టార్ట్ అవ్వొచ్చు. పీసీకి దాని వాట్లకి తగ్గ యూపీఎస్, రౌటర్‌కి ఇంకో చిన్న యూపీఎస్ ఉండాలి, పీసీ ఉండి నెట్ పోయినా రేసు పోయినట్టే.

స్టార్ట్‌లో ఫుల్ తొక్కకండి, చక్రాలు అక్కడే తిరగతా ఉంటే పక్కవాడు వెళ్ళిపోతాడు. మొదటి ల్యాపులో టైర్లు చల్లగా ఉంటాయి, పెట్రోల్ బరువు మొత్తం ఉంటది, ప్రతి చోటా ప్రాక్టీస్ కంటే ముందే బ్రేక్ వెయ్యండి. దూరం సర్వర్ అయితే పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే టైమ్, ఎక్కువుంటది, మీ స్క్రీన్ మీద ఆనుకున్నట్టు లేకపోయినా ఎదుటివాడి స్క్రీన్ మీద తగిలే ఉండొచ్చు, ఈ కార్లకి చక్రాలు బయటికి ఉంటాయి, చక్రం చక్రం ఎక్కితే కారు గాల్లోకి లేస్తది. అందుకే పక్కన కారు వెడల్పు పూర్తిగా వదలండి. ఓవర్‌టేక్‌కి హ్యాంగర్ స్ట్రెయిట్ ఉంది, వెనక చేరితే గాలి తగ్గి కారు బాగా లాగుద్ది, దాని చివర వచ్చే స్టో టర్నింగ్ కంటే ముందే పక్కకి వచ్చెయ్యండి, టర్నింగ్‌లో తోసుకుని వెళ్ళొద్దు.

స్పిన్ అయితే బ్రేక్, క్లచ్ రెండూ కిందిదాకా తొక్కి అలాగే ఉంచండి, కారు ఒకే దిక్కుకి జారుద్ది, వెనక వచ్చేవాళ్ళు తప్పించుకోగలరు. బ్రేక్ వదిలేస్తే ఎటు దొర్లుద్దో ఎవరికీ తెలీదు. ఆగాక మ్యాపు చూసి, అందరూ వెళ్ళాక, గడ్డిలో మెల్లగా తిప్పుకుని రండి, తడబడి ఫుల్ తొక్కితే రెండో స్పిన్ గ్యారంటీ.

అయిపోయాక సర్వర్ నుంచి బయటికి వచ్చేలోపు రీప్లే సేవ్ చేసుకోండి, మీ కంటే ముందొచ్చినవాడి కారులో కూర్చుని బెకెట్స్ దగ్గర అతని కాలు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడిందో చూడండి, ఆ పెడల్ గీతలు స్క్రీన్ మీదే కనబడతాయి.