కాలు, చెయ్యి కాపాడే క్యాన్సర్ సర్జరీకి ముందస్తు అనుమతి: దరఖాస్తు విధానం

ఎముకలోనో కండలోనో క్యాన్సర్ గడ్డ అనగానే కాలు తీసేస్తారని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. ఇప్పుడు ఎక్కువ మందికి గడ్డ ఉన్న భాగమే తీసి, అక్కడ ఇంప్లాంటో (లోపల అమర్చే కృత్రిమ భాగం) మరో ఎముకో అమరుస్తున్నారు. దీనికి ఆరోగ్య పథకం లేదా బీమా ముందస్తు అనుమతి కావాల్సి వస్తే, దరఖాస్తు ఎప్పుడు పెట్టామన్నదే అన్నిటికంటే ముఖ్యం.

ఆస్టియోసార్కోమాకి (ఎముకలో పుట్టే ఒక రకం క్యాన్సర్) సాధారణంగా 10 వారాల కీమో అయ్యాక సర్జరీ చేస్తారు. కీమో పూర్తయ్యాక ఫైలు కదిపితే చాలా ఆలస్యమైపోతుంది. కొలతలు తీసి చేయించే ఇంప్లాంట్‌కే వారాలు పడుతుంది. అందుకే కీమో మొదలైన వారమే ఆసుపత్రి బీమా డెస్క్‌లో అడిగి దరఖాస్తు మొదలుపెట్టించండి.

గుర్తింపు కార్డు, పథకం కార్డు లేదా పాలసీ కాపీ, సంతకాలు: మీ వంతు ఇంతే. తేడా వచ్చేది వైద్య పత్రాల దగ్గరే. బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, ఊపిరితిత్తుల సీటీ, ట్యూమర్ బోర్డు (చికిత్స ఏదో తేల్చే డాక్టర్ల బృందం) నిర్ణయం, సర్జన్ ఇచ్చిన ఖర్చు అంచనా ఉండాలి. ఎమ్మారైలో ఆ ఎముక మొత్తం, పైకీలు, కిందికీలుతో సహా కనిపించాలి. అదే ఎముకలో కాస్త దూరాన మరో చిన్న గడ్డ దాగి ఉండొచ్చు. స్కాన్ సీడీ తెరుచుకుంటోందో లేదో ముందే చూసుకోండి.

బయాప్సీ వేరేచోట జరిగితే ఆ ముక్కను భద్రపరిచిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. బ్లాకు అగ్గిపెట్టె కంటే చిన్నది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడుతుంది. ఇంకా బయాప్సీ కాకపోతే, దయచేసి సర్జరీ చేసే డాక్టర్‌ని కలిశాకే చేయించండి. సూది వెళ్లిన దారిని కూడా గడ్డతోపాటు తీసేయాల్సి ఉంటుంది. అది తప్పు చోట పడితే నిలబడాల్సిన కాలు పోయే ప్రమాదం ఉంది.

అంచనా పత్రంలో ‘గడ్డ తొలగింపు’ అని మాత్రమే రాస్తే ఇంప్లాంట్ ఖర్చుకి అనుమతి ఆగిపోవచ్చు. ఇంప్లాంట్ రకం, ధర విడిగా రాయించండి. ఎదిగే పిల్లలకి పొడవు పెంచే ఇంప్లాంట్ అనుకుంటే, ఆ కారణం డాక్టర్ లేఖలో స్పష్టంగా ఉండాలి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. దానికి సర్జన్ జవాబు జతచేసి, కీమో ముగిసే తేదీ చూపి, అత్యవసరంగా మళ్లీ పంపించండి.

చివరగా ఆసుపత్రి ఇచ్చే సమ్మతి పత్రంలో ‘అవసరమైతే అవయవం తొలగింపు’ అనే మాట ఉండొచ్చు. చూడగానే టెన్షన్ పడకండి. మా విషయంలో ఆ అవసరం ఎప్పుడు రావచ్చని సర్జన్‌ని అడిగి, జవాబు విన్నాకే సంతకం పెట్టండి.