వ్యాన్‌లో డీజిల్ వాసన ఎక్కడిదో ఇలా పట్టుకోండి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు వెళ్తుంటే మీరు పడుకునే వ్యాన్‌లో డీజిల్ వాసన మొదలైందా? ముందు కిటికీలు తెరవండి, స్టవ్ వెలిగించొద్దు. ఆ తర్వాత వాసన ఎప్పుడు వస్తోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫుల్ ట్యాంక్‌తో ఘాట్ ఎక్కినప్పుడే వచ్చి, సగం ట్యాంక్‌తో రాకపోతే అనుమానం ట్యాంక్ పైభాగం మీదే: డీజిల్ పోసే గొట్టం, గాలి పోయే సన్నటి పైపు, డీజిల్ ఎంతుందో కొలిచే గేజ్ యూనిట్ కింది రబ్బరు వాషర్. రబ్బరు పాతబడి పగుళ్లిస్తే, ఏటవాలులో డీజిల్ అక్కడిదాకా వచ్చి చెమ్మ కారుతుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడే వస్తే ఫిల్టర్, ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ పైపులు చూడాలి. ఇంజిన్ చల్లారాక జాయింట్లు తుడిచి టాల్కం పౌడర్ చల్లండి, కాసేపు నడిపి ఆపి చూస్తే లీకున్న చోట పౌడర్ తడిసి ముద్దగా కనిపిస్తుంది. నడుస్తున్న ఇంజిన్ మీద ఇంజెక్టర్లకి డీజిల్ తీసుకెళ్లే హైప్రెషర్ పైపుని మాత్రం చేత్తో తడమొద్దు, దయచేసి. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వాసన పొగలా ఉండి కళ్లు మండుతుంటే సైలెన్సర్ లైన్ చూపించండి, అది బాగయ్యేదాకా లోపల ఎవరినీ పడుకోనివ్వకండి.