విండోస్ రికవరీ మొరాయిస్తే: లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేయడం

"రికవరీ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు వెనుక మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. పాత తేదీకి వెనక్కి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్ ఒకటి. విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించే రీసెట్ దిస్ పీసీ మరొకటి. కంప్యూటర్ లేవనప్పుడు నీలి తెర మీద ట్రబుల్‌షూట్ మెనూ చూపించే రికవరీ ఎన్విరాన్‌మెంట్ మూడోది; దీన్నే విన్‌ఆర్‌ఈ అంటారు. సిస్టమ్ రిస్టోర్ నడిచేది సి డ్రైవ్‌లో దాచిన షాడో కాపీల మీద, అంటే ఒక సమయంలో డ్రైవ్ ఎలా ఉందో తీసిపెట్టిన నకళ్ల మీద. రీసెట్ నడిచేది విన్‌ఆర్‌ఈ మీద, విండోస్ సొంత ఫైళ్ల నిల్వ మీద. అందుకే రీసెట్ ఆగిపోతే షాడో కాపీ సర్వీసులతో కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. ముందు ఏది ఆగిందో తేల్చుకోండి.

దానికంటే ముందు రెండు పనులున్నాయి. విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే ముఖ్యమైన ఫైళ్లను బయటి డ్రైవ్‌కు కాపీ చేయండి. సిస్టమ్ రిస్టోర్ మీ ఫొటోలు, డాక్యుమెంట్ల జోలికి రాదు, నిజమే. కానీ అది ఎందుకు విఫలమైందో ఇంకా తెలియదు కదా. డిస్కే పోతూ ఉండొచ్చు. డిస్క్ నుంచి వింత చప్పుళ్లు వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతున్నా కాపీ పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ (డిస్క్‌లో లోపాలు వెతికే విండోస్ సాధనం) నడపొద్దు. చివరి దశలో ఉన్న డిస్క్‌ను మొత్తం చదివిస్తే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. రెండో పని, బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ. ఇది 48 అంకెల సంఖ్య. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, కీ అదే అకౌంట్‌లో దాగి ఉంటుంది. రికవరీ తెర ఆ కీ అడిగాక వెతుక్కోవడం కంటే ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోవడం నయం.

ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరవకపోతే వీటిలో చాలావరకు పనిచేయవు.

రిస్టోర్ పాయింట్లే కనబడకపోతే

రిస్టోర్ పాయింట్ అంటే సిస్టమ్ రిస్టోర్ వెనక్కి తీసుకెళ్లగల పాత స్థితి. స్టార్ట్ మెనూలో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికి తెరవండి. సి డ్రైవ్ పక్కన ప్రొటెక్షన్ "ఆఫ్" అని ఉంటే అసలు పాయింట్లు తయారే కాలేదు. కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి, మ్యాక్స్ యూసేజ్‌ను 5 నుంచి 10 శాతం మధ్య ఉంచండి. అప్పటికే ఆన్‌లో ఉన్నదాన్ని మాత్రం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దామని చూడొద్దు. ఆఫ్ చేసిన క్షణంలో ఉన్న పాయింట్లన్నీ చెరిగిపోతాయి.

ఆన్‌లో ఉన్నా పాయింట్లు గల్లంతయ్యాయంటే సాధారణంగా కారణం స్థలమే. కేటాయించిన చోటు నిండితే పాతవి తొలగిపోతాయి. విండోస్ పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్ జరిగినా అంతకు ముందువి మిగలవు. విండోస్ 11 24హెచ్2లో 2025 జూన్ అప్‌డేట్ తర్వాత పాయింట్లను గరిష్ఠంగా 60 రోజులే ఉంచుతుంది. కాబట్టి ఆ వెర్షన్‌లో మూడు నెలల కిందటి పాయింట్ కోసం వెతకడం దండగ.

కొత్త పాయింటే తయారు కాకపోతే సర్వీసెస్ తెరిచి వాల్యూమ్ షాడో కాపీ, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షాడో కాపీ ప్రొవైడర్ అనే రెండింటినీ చూడండి. ఇవి "మాన్యువల్"లో ఉండటం మామూలే, "డిసేబుల్డ్"లో ఉండకూడదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో "వీఎస్ఎస్ అడ్మిన్ లిస్ట్ రైటర్స్" (మొదటి రెండు మాటలూ కలిపి ఒకే పదం) కొట్టండి. ప్రతి రైటర్ (షాడో కాపీకి తన డేటాను సిద్ధం చేసే విండోస్ భాగం) దగ్గరా స్టేబుల్, నో ఎర్రర్ అని రావాలి. ఏదైనా ఫెయిల్డ్ అంటే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే వేరే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏదైనా అదే షాడో కాపీని పట్టుకుని కూర్చుందేమో చూడాలి. పవర్‌షెల్ (ఆదేశాలు టైప్ చేసే మరో విండోస్ కిటికీ) నుంచి పాయింట్ పెడుతుంటే ఇంకో మెలిక ఉంది: 24 గంటల్లో ఒకటి ఇప్పటికే ఉంటే రెండోదాన్ని అది చేయదు. అది లోపం కాదు.

రిస్టోర్ మొదలై విఫలమైతే

"సిస్టమ్ రిస్టోర్ డిడ్ నాట్ కంప్లీట్ సక్సెస్‌ఫుల్లీ" అనే సందేశం కింద వచ్చే కోడ్‌ను చదవకుండా మూసేయొద్దు.

0ఎక్స్80070005 అంటే అనుమతి దొరకలేదు. ఎక్కువసార్లు యాంటీవైరస్ తన ఫైళ్లను మార్చనివ్వక అడ్డుపడుతుంది. దాన్ని తాత్కాలికంగా ఆపండి. ఆగకపోతే తీసేసి ప్రయత్నించండి.

0ఎక్స్80070091 అంటే ఖాళీగా ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీగా లేదు. ఆ ఫోల్డర్ దాదాపు ఎప్పుడూ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని విండోస్‌యాప్స్ అవుతుంది. విండోస్ నడుస్తుండగా దాని పేరు మార్చడం కుదరదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ దాకా వెళ్లండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి మారి, "ఆట్రిబ్ -హెచ్ విండోస్‌యాప్స్", తర్వాత "రెన్ విండోస్‌యాప్స్ విండోస్‌యాప్స్‌ఓల్డ్" ఇవ్వండి. అక్కడ డ్రైవ్ అక్షరాలు తారుమారై ఉండొచ్చు. మీ సి డ్రైవ్ డి గా కనబడొచ్చు. "డిర్ సి:" కొట్టి విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఉన్నాయో లేదో చూసుకుని దిగండి.

కోడ్ ఏదైనా సరే, రిస్టోర్‌ను విండోస్ లోపల నుంచి కాకుండా ఆ నీలి తెర నుంచే నడపడం మంచిది. దీనికి గట్టి కారణం ఉంది. విండోస్ నడుస్తున్నప్పుడు వాడుకలో ఉన్న డ్రైవర్ ఫైళ్లను మార్చలేక, రీస్టార్ట్‌లో మారుస్తానని రాసి పెట్టుకుంటుంది. డ్రైవర్ల సంతకాలుండే క్యాటలాగ్ ఫైళ్లను మాత్రం అప్పుడే మార్చేస్తుంది. రీస్టార్ట్ అయ్యేసరికి, డ్రైవర్లు మారకముందే వాటిని లోడ్ చేయాల్సి వస్తుంది. డ్రైవర్లు ఒక వెర్షన్‌వి, సంతకాలు ఇంకో వెర్షన్‌వి అయి 0ఎక్స్‌సి000021ఎ కోడ్‌తో కంప్యూటర్ ఆగిపోయి ఎర్రర్ తెర పడుతుంది. ఇప్పటికే ఆ గుంటలో పడితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డ్రైవర్ సిగ్నేచర్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌ను డిసేబుల్ చేసే అంకె నొక్కండి. ఒకసారి అలా లేస్తే ఆగిన రిస్టోర్ దానంతటదే పూర్తవుతుంది.

రిస్టోర్ మధ్యలో తెర కదలకపోయినా తొందరపడి పవర్ తీయొద్దు. పాత హార్డ్ డిస్క్ మీద గంట పట్టడం వింతేమీ కాదు.

రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకకపోతే

"కుడ్ నాట్ ఫైండ్ ది రికవరీ ఎన్విరాన్‌మెంట్" అన్నా, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేస్తే నీలి మెనూ రాకుండా మామూలుగా లేచినా ఈ ఆదేశం ఇవ్వండి:

రీఏజెంట్‌సీ /ఇన్ఫో

(అక్షరాలు: ఆర్, ఇ, ఎ, జి, ఇ, ఎన్, టి, సి.) విండోస్ ఆర్‌ఈ స్టేటస్ దగ్గర "ఎనేబుల్డ్" ఉండి, లొకేషన్ వరుసలో హార్డ్‌డిస్క్, పార్టిషన్ (డిస్క్‌లోని విభాగం) సంఖ్యలు కనబడితే అంతా బాగున్నట్టే. "డిసేబుల్డ్" అయితే "రీఏజెంట్‌సీ /ఎనేబుల్" ఇవ్వండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

అది ఎర్రర్ ఇస్తే విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌లో చూడాలి. అక్కడ రీఏజెంట్ ఎక్స్ఎంఎల్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, విన్‌ఆర్‌ఈ ఎక్కడుందో రాసుకునే చిట్టా అది. డిస్క్ క్లోన్ చేసినా, పార్టిషన్లు కదిపినా అందులోని చిరునామా తప్పవుతుంది. "రీఏజెంట్‌సీ /డిసేబుల్" ఇచ్చి, ఆ ఫైల్ పేరు చివర ఓల్డ్ అని చేర్చి, మళ్లీ ఎనేబుల్ ఇస్తే కొత్త చిట్టా రాసుకుంటుంది.

"ఇమేజ్ నాట్ ఫౌండ్" అంటే అసలు సరుకే లేదు. విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ అనే ఫైల్ పోయింది. ఇది దాచిన ఫైల్ కాబట్టి "డిర్ /ఎ"తో వెతకండి. లేకపోతే మీ దగ్గర నడుస్తున్న అదే విండోస్ వెర్షన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా ఇచ్చేది) తెచ్చుకోండి. సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ డాట్ విమ్ లేదా ఈఎస్‌డీని 7-జిప్‌తో తెరిస్తే, లోపల విండోస్, సిస్టమ్32, రికవరీలో ఆ ఫైల్ దొరుకుతుంది. దాన్ని మీ కంప్యూటర్‌లో అదే చోటికి కాపీ చేసి, "రీఏజెంట్‌సీ /సెట్‌ఆర్‌ఈఇమేజ్ /పాత్" తర్వాత ఆ ఫోల్డర్ చిరునామా ఇచ్చి, ఎనేబుల్ చేయండి. రికవరీ పార్టిషన్ లేకపోతే విన్‌ఆర్‌ఈ సి డ్రైవ్‌లోనే కూర్చోవాలని చూస్తుంది. కానీ సి బిట్‌లాకర్‌లో ఉంటే అది కుదరదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు విడిగా పార్టిషన్ చేయక తప్పదు.

పార్టిషన్ ఉన్నా ఇరుకైతే ఇంకో రకం తలనొప్పి. 2024 జనవరి 9న వచ్చిన కేబీ5034441 అనే విండోస్ 10 అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. అది లేని కంప్యూటర్లలో 0ఎక్స్80070643 అనే, విషయం ఏమిటో ఏమాత్రం చెప్పని కోడ్ వచ్చింది. పెంచే పద్ధతి ఇది: ముందు రీఏజెంట్‌సీ /డిసేబుల్. తర్వాత డిస్క్‌పార్ట్‌లో (పార్టిషన్లను మార్చే కమాండ్ సాధనం) డిస్క్‌ను, సి పార్టిషన్‌ను ఎంచుకుని "ష్రింక్ డిజైర్డ్=250 మినిమమ్=250". ఆపై రికవరీ పార్టిషన్‌ను ఎంచుకుని "డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్". "లిస్ట్ పార్టిషన్"లో సైజు, రకం రెండుసార్లు చూడకుండా ఆ ఎంటర్ కొట్టొద్దు, డిస్క్‌పార్ట్ "నిజంగానా?" అని అడగదు. జీపీటీ, ఎంబీఆర్ అనేవి డిస్క్‌లో పార్టిషన్ల జాబితా రాసే కొత్త, పాత పద్ధతులు. జీపీటీ డిస్క్ అయితే "క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ ఐడీ=" తర్వాత డిఇ94బిబిఎ4-06డి1-4డి40-ఎ16ఎ-బిఎఫ్‌డి50179డి6ఎసి ఇచ్చి, "జీపీటీ ఆట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001" చేర్చాలి. ఎంబీఆర్ అయితే ఐడీ 27 చాలు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో క్విక్ ఫార్మాట్ చేసి, బయటికొచ్చి రీఏజెంట్‌సీ /ఎనేబుల్. ఈ పద్ధతి రికవరీ పార్టిషన్ సి డ్రైవ్‌కు వెంటనే వెనుక ఉన్నప్పుడే పనికొస్తుంది. మధ్యలో ఇంకో పార్టిషన్ ఉంటే తగ్గించిన 250 ఎంబీ దీనికి అందదు.

రీసెట్ మధ్యలో వెనక్కి వస్తే

"దేర్ వాజ్ ఎ ప్రాబ్లమ్ రీసెట్టింగ్ యువర్ పీసీ. నో ఛేంజెస్ వర్ మేడ్." విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ విడిగా రికవరీ ఇమేజ్ ఉంచడం మానేసింది. రీసెట్ మీ విండోస్‌లోని కాంపోనెంట్ స్టోర్ (మొదట చెప్పిన సొంత ఫైళ్ల నిల్వ) నుంచే కొత్త విండోస్‌ను కూర్చుకుంటుంది. ఆ స్టోర్ చెడితే రీసెట్ కూడా చెడుతుంది. అందుకే ముందు "డిఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్", అది ముగిశాక "ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ". ఈ వరుస తప్పొద్దు: మొదటిది స్టోర్‌ను బాగుచేస్తుంది, రెండోది ఆ స్టోర్ నుంచి ఫైళ్లు తీసి పాడైనవాటి చోట పెడుతుంది. మొదటిది 62 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టు కనిపిస్తుంది, వదిలేయండి.

ఇవి కుదరకపోతే లోకల్ రీఇన్‌స్టాల్ బదులు క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకోండి. 2020లో విండోస్ 10 2004 వెర్షన్‌తో వచ్చిన ఈ పద్ధతి స్టోర్‌ను పక్కనపెట్టి కొత్త ఫైళ్లు తెచ్చుకుంటుంది. సుమారు 4 జీబీ డేటా ఖర్చవుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్‌కు పెట్టే ఉండాలి. ఫైళ్లు ఉంచమన్నా బయటి నుంచి వేసిన ప్రోగ్రాములు పోతాయి. విఫలమైతే సి డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే సిస్‌రీసెట్ ఫోల్డర్, అందులో లాగ్స్ చూడండి.

కొన్నిసార్లు తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. 2025 ఆగస్టు సెక్యూరిటీ అప్‌డేట్ల తర్వాత విండోస్ 10, విండోస్ 11 23హెచ్2లలో రీసెట్ ఆగిపోయింది. ఆగస్టు 19న మైక్రోసాఫ్ట్ ప్రత్యేక అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఎర్రర్ కొత్తగా మొదలైతే ముందు పెండింగ్ అప్‌డేట్లు వేసి చూడండి.

నీలి తెర వచ్చినా పని సాగకపోతే

మౌస్, కీబోర్డు కదలకపోతే ముందు యూఎస్‌బీ హబ్ తీసి, కంప్యూటర్ వెనుక పోర్టుకే నేరుగా పెట్టండి. 2025 అక్టోబర్‌లో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2లలో కేబీ5066835 వేశాక రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డులు పూర్తిగా మూగబోయాయి, అక్టోబర్ 20న కేబీ5070773తో సరైంది. విండోస్ లేస్తుంటే అప్‌డేట్ చేసుకోవడమే దారి. లేవకపోతే టచ్‌స్క్రీన్, పాత పీఎస్/2 కీబోర్డు, లేదా బూట్ అయ్యే పెన్‌డ్రైవ్.

ఆ పెన్‌డ్రైవ్ తయారీకి ఇంకో కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ బదులు "రిపేర్ యువర్ కంప్యూటర్" (కొత్త వెర్షన్లలో "రిపేర్ మై పీసీ") ఎంచుకోండి. అక్కడ డిస్కే కనబడకపోతే అది పోయిందని బెంబేలెత్తొద్దు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ వీఎండీ (డిస్క్‌లను నడిపే ఇంటెల్ కంట్రోలర్) వెనుక ఉంటుంది, దాని డ్రైవర్ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉండదు. తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో "డ్రైవ్‌లోడ్" (డి, ఆర్, వి, ఎల్, ఓ, ఎ, డి) తర్వాత ఐఎన్ఎఫ్ ఫైల్ చిరునామా ఇస్తే డిస్క్ కనబడుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేయడం కూడా పనిచేస్తుంది కానీ, తర్వాత పాత విండోస్ లేవకుండా మొరాయించొచ్చు.

సరిచేశామనుకున్నాక ఒకసారి పరీక్షించాలి. "రీఏజెంట్‌సీ /బూట్‌టుఆర్‌ఈ" ఇచ్చి రీస్టార్ట్ చేయండి. (ఆ స్లాష్ తర్వాత బి, ఓ, ఓ, టి, టి, ఓ, ఆర్, ఇ.) నీలి తెర రావాలి, కీబోర్డు పలకాలి, బిట్‌లాకర్ ఉంటే మీరు రాసిపెట్టుకున్న కీ చెల్లాలి, కమాండ్ ప్రాంప్ట్‌లో మీ డిస్క్ కనబడాలి. నాలుగూ సరిపోతే కంటిన్యూ నొక్కి విండోస్‌లోకి తిరిగి రండి.