జిబ్రాల్టర్‌లో 1942లో బయటపడ్డ గుహలోకి ఎలా వెళ్లాలి?

స్పెయిన్ దక్షిణం కొసన ఉన్న జిబ్రాల్టర్ వెళ్లినవాళ్లు చాలామంది సెయింట్ మైకేల్స్ కేవ్‌లో లైట్లు చూసి, బయట కోతుల ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. దాని కిందే ఇంకో గుహ ఉంది, లోయర్ సెయింట్ మైకేల్స్ కేవ్ అంటారు, నన్నడిగితే అసలు చూడాల్సింది అదే.

1. ముందు దాని కథ తెలుసుకోండి
రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎప్పుడొచ్చి మీద పడుతుందో అని బ్రిటిష్ ఆర్మీ ఈ గుహలున్న సున్నపురాయి కొండని లోపలంతా తొలిచేసింది. కొండ ఎత్తు 426 మీటర్లే, లోపల టన్నెళ్లు మాత్రం అన్నీ కలిపి 50 కిలోమీటర్ల పైనే. పై గుహని ఎమర్జెన్సీ మిలిటరీ హాస్పిటల్‌గా రెడీ చేశారు, చివరికి వాడే అవసరం రాలేదనుకోండి, దానికి ఇంకో దారి ఉండాలని 1942లో బ్లాస్టింగ్ చేస్తుంటే ఈ కింది గుహ బయటపడింది. అన్నాళ్లూ మనుషుల చెయ్యి పడలేదు కాబట్టే లోపల రాతి ఊడలు, స్తంభాలు అంత చక్కగా మిగిలాయి.

2. బుకింగ్
పై గుహ టికెట్‌తో ఇందులోకి పంపరు. గైడ్‌తో వెళ్లే టూర్ విడిగా, ముందే బుక్ చేసుకోవాలి, దాదాపు మూడు గంటలు పడుతుంది. ఇంకోటి, జిబ్రాల్టర్ బ్రిటన్ కింద ఉన్న ప్రాంతం, స్పెయిన్ వీసా ఉంది కదా అని నేరుగా బోర్డర్ దగ్గరికి వెళ్లిపోకండి, మీ పాస్‌పోర్ట్‌కి రూల్ ఏంటో చూసుకున్నాకే డబ్బులు కట్టండి.

3. బట్టలు, బూట్లు
మంచి గ్రిప్ ఉన్న బూట్లు, మట్టి అంటినా పర్లేదనుకునే బట్టలు. చేతులు ఖాళీగా ఉండాలి. మోకాళ్ల నొప్పులుంటే గైడ్‌కి ముందే చెప్పండి.

4. లోపలికెళ్లాక
కొన్నిచోట్ల తాడు పట్టుకుని ఎక్కాలి, దిగాలి. ఒకచోట అద్దంలాంటి నీళ్లతో చెరువు ఉంటుంది, దాని అంచున సన్నటి గట్టు మీద నడవాలి, అక్కడ తొందరపడకండి.

దయచేసి దేన్నీ ముట్టుకోకండి. వాన నీళ్లు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తాయి, ఆ నీళ్లు గుహలో చుక్కచుక్కగా పడేటప్పుడు గ్యాస్ బయటికి పోయి సున్నం పేరుకుంటుంది. మన బెలూం, బొర్రా గుహల్లో చూసేవీ ఇలా పెరిగినవే. వేల ఏళ్లు పట్టే పని అది, మన చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగ్గా పట్టదు, రంగు కూడా మారిపోతుంది.

5. తర్వాత పై గుహ
అదే రోజు చూసేయండి. అక్కడ కోసి పెట్టిన పాత రాతి స్తంభం ఒకటుంది, లోపలి పొరలన్నీ కనిపిస్తాయి, కింద చూసొచ్చాక అది ఇంకా బాగా అర్థమవుతుంది. బయటికొచ్చేముందు తినేవి బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసేయండి, కోతులు లాక్కుంటాయి, వాటికి తిండి పెడితే అక్కడ ఫైన్ కూడా వేస్తారు.